నందిగామ డిజిటల్ గదికి గిరాకీ

జగ్గయ్యపేట బజారులో కుటుంబరావు వాళ్ళది పప్పుల కొట్టు. కంది, మినుము, పెసర, శనగ. తాత పెట్టిన కొట్టు. ఆ తాత పేరే ఇతనికి పెట్టారు. పేరు పెట్టిన నాడే గల్లాపెట్టె పక్కన చిన్న పరుపు కూడా వేశారు. అతను పెరిగి దాని మీద కూర్చోవాలి.

అతను పెరిగాడు. కూర్చోలేదు.

పప్పు ఒకసారి కొట్టు దాటితే మళ్ళీ రాదు. పుస్తకం ఇస్తే తిరిగి వస్తుంది. తను లైబ్రరీ సైన్సు చదవడానికి కారణం ఇదేనని కుటుంబరావు చెప్పేవాడు. ఇంతకు మించి కారణం ఎవరూ అడగలేదు. అడిగినా అతని దగ్గర లేదు.

తొంభైల నడుమ నందిగామలో యూనివర్సిటీ వాళ్ళు ఒక పి.జి. సెంటరు తెరిచారు. జువాలజీ, బోటనీ, మైక్రోబయాలజీ. అందులో లైబ్రరీ పనికి ఇతన్ని తీసుకున్నారు. ఏడాదికి ఒకసారి పొడిగించే ఉద్యోగం. అన్న నాగభూషణం అడ్డు చెప్పలేదు.

"వెళ్ళరా. నీతో అక్కడ అవసరం ఉన్నన్నాళ్ళు వెళ్ళు. అవసరం లేదన్న నాడు వచ్చి ఇక్కడ కూర్చో."

ఇద్దరికీ అది న్యాయంగానే తోచింది. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం తమ్ముడు బస్సుకు బయలుదేరే వేళకు అన్న ఆ పరుపును తువ్వాలుతో దులిపేవాడు. దులిపి, మళ్ళీ సరిగా వేసేవాడు. కుటుంబరావు చెప్పులు వేసుకుంటూ ఆ చప్పుడు వినేవాడు. పరుపు మీద ఎవరూ కూర్చోరు గనుక దాని మీద దుమ్ము ఎక్కువగానే ఉండేది.

సెంటరు ఉన్నది ఒకప్పుడు పత్తి బేళ్ళు పెట్టిన గోడౌనులో. మధ్యలో అడ్డగోడలు కట్టి గదులు చేశారు. కిటికీలు తెరిస్తే ఇప్పటికీ ఎక్కడో ఒక దూది పోగు లేచి పుస్తకాల మీద వాలేది. పుస్తకాలు బీరువాల్లో ఉండేవి, బీరువాలకు తాళాలు ఉండేవి, తాళంచెవులు కుటుంబరావు మొలతాడుకి ఉండేవి. విద్యార్థులు పుస్తకాలు అడిగేవారు కారు. గైడ్లు చదివి పాసయ్యేవారు. కుటుంబరావు పుస్తకాలు పోకుండా చూసుకునేవాడు. ఒక్కటీ పోలేదు.

రెండు వేల నాలుగులో యూనివర్సిటీకి డిజిటల్ వనరులు వచ్చాయి. లైఫ్ సైన్సెస్‌లో ఏ దేశంలో ఏ పరిశోధన అచ్చయినా కంప్యూటరు తెర మీద చదవవచ్చు. డబ్బు ఢిల్లీ వాళ్ళు కడతారు. ఒక కంప్యూటరు నందిగామకు కూడా ఇచ్చారు. ఆ కంప్యూటరులో మాత్రమే ఆ పరిశోధన పేపర్లు తెరుచుకుంటాయి. పక్క గదిలో ఇంకో కంప్యూటరు పెట్టినా తెరుచుకోవు.

దానికి ఒక గది, ఒక ఏసీ ఇచ్చారు. ఏసీ కంప్యూటరుకే గాని మనుషులకు కాదని కాగితం మీద రాసి అంటించారు. చెప్పులు బయట విడవాలి. కుటుంబరావుని ఆ గదికి ఇన్‌చార్జిని చేశారు. మానిటరుకు బొట్టు పెట్టారు. కొబ్బరికాయ నీళ్ళు తీగల మీద పడతాయని నిమ్మకాయతో సరిపెట్టారు.

సెంటరు పెద్ద సొలొమోను గారు. జువాలజీ ప్రొఫెసరు, వాలుగ చేప మొప్పల మీద పని చేసిన మనిషి. గుమ్మంలో నిలబడి చిన్న ఉపన్యాసం ఇచ్చారు. ప్రపంచం ఈ గదిలోకి వచ్చిందన్నారు. ఆయన మాత్రం లోపలికి రాలేదు. తాళ్ళ బూట్లు వేసుకునేవారు. విప్పడం, కట్టడం ఆయనకు నడుము నొప్పి. ఆ గది ఉన్నన్నాళ్ళూ ఆయన దాన్ని గుమ్మంలోంచే చూశారు.

తర్వాత ఎవరూ రాలేదు.

మొదటి వారం కొత్త కదా అనుకున్నాడు కుటుంబరావు. మొదటి నెల పరీక్షలు కదా అనుకున్నాడు. పోను పోను అనుకోవడం మానేశాడు. ఉదయం కంప్యూటరు తెరిచేవాడు. ఏసీ వేసేవాడు. శాలువా కప్పుకుని కూర్చునేవాడు. మే నెలలో నందిగామ మొత్తం మీద శాలువాలో ఉన్నది అతనొక్కడే. లెక్చరర్లు కనబడితే అడిగేవాడు.

"రండి సార్. మీ సబ్జెక్టువి చాలా వచ్చాయి."

"వస్తా, వస్తా. ఎక్కడికి పోతాయిలే."

పోతాయని ఆ శీతాకాలంలో తెలిసింది. ఏ సెంటరులో ఎన్ని పేపర్లు తెరుస్తున్నారో యూనివర్సిటీకి తెలుస్తూనే ఉంది. తెరవని చోట కనెక్షను ఎందుకని పై నుంచి కబురు వచ్చింది. సొలొమోను గారు వరండాలోకి పిలిచి చెప్పారు.

"మార్చి దాకా చూస్తారంట కుటుంబరావ్. వాడకం పెరక్కపోతే కంప్యూటరు పట్టుకుపోతారు. ఏసీ కూడా."

"మరి నేనండి?"

ఆయన మొక్కల కుండీల వైపు చూశారు. "నిన్ను పట్టుకుపోరు. కానీ ఆ గది లేకపోతే గదికి ఇన్‌చార్జి ఎందుకంటారు గదా."

ఆ సాయంత్రం కుటుంబరావు ఇంట్లో అన్నం తింటూ ఈ మాట చెప్పాడు. నాగభూషణం తినడం ఆపి, తమ్ముడి వైపు చాలా ప్రేమగా చూశాడు.

"పోన్లేరా. మార్చి అంటే కొత్త కంది దిగుతుంటుంది. మంచి టైము."

అక్కడే పిన్ని కన్యకాపరమేశ్వరి ఉంది. అందరూ కన్యకమ్మ అంటారు. భర్త పోయాక అక్క కొడుకుల దగ్గరే ఉంటోంది. వారపత్రికలు చదువుతుంది. కొట్లో ఆమెకొక పని ఉంది. అదేమిటో చెప్పాలి.

ఆషాఢంలో బేరాలు ఉండవు. ఖాళీగా ఉన్న కొట్టు ఎవరూ ఎక్కరు. అందుకని ఆ నెలలో నాగభూషణం ఇంట్లో ఆడవాళ్ళనీ, చుట్టాలనీ కొట్టు ముందు నిలబెట్టేవాడు. వాళ్ళు కొనేవాళ్ళలా నిలబడతారు. పప్పు అరచేతిలో పోసుకుని చూస్తారు. పంటి కింద ఒక బద్ద వేసి కొరుకుతారు. పెదవి విరుస్తారు. ధర అడుగుతారు. అది చూసి రోడ్డు మీద పోయేవాడు ఆగుతాడు. అతనికి దారి ఇచ్చి వీళ్ళు పక్కకు తప్పుకుంటారు. నిలబడే వాళ్ళందరిలో కన్యకమ్మ మేటి. సొంత కొట్టు ముందు ఆమె బేరమాడుతుంటే నాగభూషణానికే అప్పుడప్పుడు కోపం వచ్చేది.

"దీనికి ఏడుపు మొహం ఎందుకురా కుటుంబం?" అంది కన్యకమ్మ. "మేం వచ్చి నిలబడతాం."

"అది కొట్టు కాదు పిన్నీ."

"గిరాకీ లేదన్నావుగా."

"లేదు."

"సరుకు ఉందన్నావుగా."

"ఉంది."

"మరి కొట్టు కాదంటావేంటి?"

కుటుంబరావు ఆలోచించాడు. తేడా ఏమిటో అతనికి దొరకలేదు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటి బస్సుకు కన్యకమ్మ, ఆమె తోడికోడళ్ళు, ఇద్దరు వియ్యపురాళ్ళు బయలుదేరారు. పట్టుచీరలు కావు గాని మంచి చీరలే. పులిహోర డబ్బాలు, నీళ్ళ సీసాలు, ఏసీ గది అని విన్నారు గనుక స్వెట్టర్లు. చిల్లకల్లు దగ్గర ముక్త్యాల సిమెంటు లారీలు అడ్డం పడి బస్సు ఆగింది. కండక్టరు వెనక్కి వచ్చి పలకరించాడు.

"నందిగామలో పెళ్ళా అమ్మా?"

"కాదు నాయనా. చదువుకోడానికి."

కండక్టరు ముందుకు వెళ్ళిపోయాడు.

గది బయట చెప్పులు బారుగా తీరాయి. లోపల వాళ్ళు కంప్యూటరు చుట్టూ నిలబడ్డారు. నిలబడటం వాళ్ళకు తెలిసిన విద్య. కుటుంబరావు ఒక పేపరు తెరిచి చూపించాడు. మొదట చిన్న పేరా కనిపిస్తుందనీ, అందులో విషయమంతా క్లుప్తంగా ఉంటుందనీ, కావాలంటే మొత్తం పేపరు తెరవచ్చనీ చెప్పాడు.

"మచ్చు అన్నమాట," అంది కన్యకమ్మ.

"మచ్చే పిన్నీ. బస్తా లోపలుంటుంది."

వాళ్ళకు తర్వాత ఏమీ చెప్పనక్కర లేకపోయింది. మచ్చు చూశారు. ఎప్పటిదని అడిగారు. పాతదైతే పెదవి విరిచారు. కొత్తదైతే బస్తా విప్పమన్నారు. లోపల బొమ్మలు చూశారు, పట్టికలు చూశారు, ఇంకోటి చూపించమన్నారు. రొయ్యల తెగులు, వరి వేరు, కోడి కడుపులో పురుగు, సముద్రం అడుగున పాచి. ఒకటి తెరవగానే అది ఢిల్లీలో లెక్కకు ఎక్కింది. ఒంటిగంటకు వరండాలో కూర్చుని పులిహోర తిన్నారు. మళ్ళీ లోపలికి వెళ్ళి స్వెట్టర్లు వేసుకున్నారు.

సొలొమోను గారు వరండా చివర నుంచి చెప్పులు చూశారు. అన్ని చెప్పులు ఆయన ఆ సెంటరులో ఎప్పుడూ చూడలేదు. నిశ్శబ్దంగా వెనక్కి వెళ్ళి, తన గదిలో కూర్చుని, చదువు మీద ఆసక్తి ఎప్పుడు వస్తుందో చెప్పలేమని అటెండరు పున్నమ్మతో అన్నారు.

"ఆసక్తి కాదండి, ఆడోళ్ళు," అంది పున్నమ్మ.

"ఆడపిల్లలు ముందుకు రావాలమ్మా," అన్నారాయన.

నెల తిరిగేసరికి నందిగామ లెక్క పెరిగింది. నాగభూషణం కొట్టు ముందు ఖాళీ కూడా పెరిగింది. అప్పుడది ఆషాఢం కాదు గనుక అతను ఏమీ అనలేకపోయాడు. పరుపు మాత్రం రెండు పూటలా దులిపాడు.

ఈలోగా కన్యకమ్మ ఒక పేపరు దగ్గర ఆగిపోయింది. ఎలుకలకు షుగరు జబ్బు తెప్పించి, కాకరకాయ రసం పోసి చూసిన పేపరు. కన్యకమ్మకూ షుగరు ఉంది. కుటుంబరావు ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. ఎలుకల్ని గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు రసం. ఒక గుంపుకు మందు. ఒక గుంపుకు ఏమీ లేదు.

"ఏమీ ఎందుకు పొయ్యలేదు?"

"పోల్చి చూడ్డానికి పిన్నీ."

"పెళ్ళిలో ఒక బంతికి వడ్డించి, ఇంకో బంతిని ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చోబెట్టినట్టు ఉంది."

"అదంతే పిన్నీ."

"మరి చివరికేమైంది?"

చివర్లో ఇంకా పరిశోధన జరగాల్సి ఉందని రాశారు. అది విని కన్యకమ్మ తృప్తిగా తల ఊపింది. అంటే తరువాయి ఉందన్నమాట. వారపత్రికల్లో ఆమెకు అలవాటే. ఆ మర్నాడు తరువాయి వచ్చిందా అని అడిగింది. కుటుంబరావు వెతికాడు. షుగరు వచ్చిన ఎలుకలు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నాయి. వేరే దేశం, వేరే రసం. అవన్నీ ఒకే ఎలుకలనుకుంది కన్యకమ్మ. కాకర పోశారు, తర్వాత మెంతులు పోశారు, తర్వాత నేరేడు గింజల పొడి. ఊరూరూ తిప్పుతున్నారు పాపం, అంది. వాళ్ళ ఇంట్లో ఎలుకను చంపరు. బోనులో పట్టి చిల్లకల్లు అవతల వదిలి వస్తారు. కొన్ని ఎలుకలు వదిలిన మనిషి కంటే ముందే కొట్టుకు తిరిగి చేరేవి.

ప్రతి పేపరులోనూ పద్ధతులు చెప్పే భాగంలో ఒక వాక్యం ఉంటుంది. చివరి రోజున ఎలుకల్ని బలి ఇచ్చాము అని. కుటుంబరావు ఆ వాక్యం దగ్గరకు రాగానే దగ్గేవాడు. దగ్గి, తర్వాతి వాక్యం చెప్పేవాడు.

ఫిబ్రవరిలో నిఖిత వచ్చింది. జువాలజీ రెండో సంవత్సరం. ఊరు వత్సవాయి. నాన్న పత్తి వేస్తాడు. ఆ పత్తిని శనగపచ్చ పురుగు తింటుంది. ఎంత మందు కొట్టినా చావడం లేదు. ఎందుకు చావడం లేదన్నదే నిఖిత ప్రాజెక్టు. ఆ పురుగు కడుపులో మందు ఎలా విరిగిపోతుందో చెప్పే పేపరు ఒకటి ఉందని ఎవరో చెప్పారు. అది కావాలి. ఆ గది పుట్టాక నిజంగా ఒక పేపరు కావలసి వచ్చిన మొదటి మనిషి ఆమె.

ఆమెకు సీటు దొరకలేదు.

"కొంచెం ఆగమ్మా," అన్నాడు కుటుంబరావు. "పెద్దావిడ అయ్యాక."

"ఆవిడ ఏ డిపార్ట్‌మెంటండి?"

కుటుంబరావు శాలువా సర్దుకున్నాడు. "రేపు రా అమ్మా."

రేపు కూడా అంతే. ఎల్లుండి కూడా. లోపల చెయ్యి పెట్టే సందు లేదు. నాలుగో నాడు నిఖిత చెప్పులు విడిచి, వియ్యపురాళ్ళ మధ్య నుంచి దూరి, కన్యకమ్మ కుర్చీ పక్కన నిలబడింది.

"పిన్నిగారూ, మీరేం చదువుతున్నారు?"

"ఎలుకల కథ. నీకు ఇంగ్లీషు వచ్చా?"

"వచ్చండి."

"మా కుటుంబం సగం సగం చెప్తాడు. దగ్గొకటి. నువ్వు చదివి చెప్పు."

కుటుంబరావు అప్పుడు వరండాలో ఉన్నాడు. నిఖిత చదివింది. ఆమె దగ్గలేదు.

లోపలి నుంచి మాటలు ఆగిపోవడం కుటుంబరావుకు వినిపించింది. వెళ్ళి చూశాడు. కన్యకమ్మ స్వెట్టరు గుండీలు పెట్టుకుంటోంది.

"అన్నిటినీనా?" అని అడిగింది నిఖితని.

"అన్నిటినీ అండి. లోపల లివరు చూడాలి కదా."

"కాకర తాగినవాటిని కూడా?"

"అవును పిన్నిగారూ."

"తగ్గినవాటిని కూడా?"

కన్యకమ్మ లేచింది. మిగతా వాళ్ళూ లేచారు. ఆ రోజు పులిహోర ఎవరూ తినలేదు. ఇంటికి వెళ్ళి కన్యకమ్మ తలస్నానం చేసింది. మైల అంది. మూడు రోజులు ఎవరూ గడప దాటలేదు. నాగభూషణం అడ్డు చెప్పబోయి, చనిపోయినవాళ్ళు ఎవరని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

నందిగామలో గది మళ్ళీ ఖాళీ అయింది. మార్చి దగ్గర పడింది. అప్పుడు సీటు ఉంది గాని కరెంటు లేదు. నిఖిత వచ్చి, చీకటి తెర ముందు కాసేపు కూర్చుని, వెళ్ళిపోయింది.

కుటుంబరావు ఇంట్లో పిన్ని ముందు కూర్చున్నాడు.

"నువ్వు రాకపోతే మార్చిలో నేను ఆ పరుపు మీద కూర్చోవాలి పిన్నీ."

"కూర్చో. మెత్తగానే ఉంటుంది."

"పిన్నీ."

కన్యకమ్మ వారపత్రిక మూసింది. "చావనిది ఏదైనా ఉంటే చెప్పు. వస్తా."

కుటుంబరావు వెతకడం మొదలుపెట్టాడు. లైఫ్ సైన్సెస్ అంటే జీవశాస్త్రాలు. చివరికి ఏదీ చావని పేపరు ఒక్కటి కావాలి. ఎలుకలు పనికి రావు. కుందేళ్ళు లేవు. కప్పల దగ్గరికి పోనే కూడదు. చేపల్ని తూచారు, తర్వాత కోశారు. కోడిగుడ్డును కూడా పిల్ల కాకముందే పగలగొట్టారు. మొక్కలు చూశాడు. వేళ్ళతో పెరికి, ఎండబెట్టి, పొడి చేశారు. తెల్లారి కంప్యూటరు తెరిచినప్పటి నుంచి సాయంత్రం బస్సు దాకా చదివాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో అతను అంతగా చదివింది లేదు.

చివరికి ఒకటి దొరికింది. అందులో ఒక పురుగు మీద అన్ని రకాల మందులు కొట్టారు. చావలేదు. మోతాదు పెంచారు. చావలేదు. దాని పిల్లల మీద కొట్టారు. అవీ చావలేదు. శనగపచ్చ పురుగు. నిఖిత అడిగిన పేపరు.

కన్యకమ్మ వచ్చింది. ఆమెతో అందరూ వచ్చారు. అదే రోజు నిఖితా వచ్చింది. పేపరు ఒకటి, కుర్చీ ఒకటి. కుటుంబరావు వరండాలోంచి ఒక స్టూలు తెచ్చి కుర్చీ పక్కన వేశాడు. నిఖిత చదువుతుంది, కన్యకమ్మ వింటుంది. నిఖిత ఆ పురుగును ఎలా చంపాలో వెతుకుతుంది. కన్యకమ్మ అది బతకాలని చూస్తుంది. ఇద్దరికీ ఒకే వాక్యాలు కావాలి.

"ఇక్కడ రెండో మందు కొట్టారు పిన్నిగారూ."

"ఊఁ."

"తట్టుకుంది."

"నా తల్లే."

"మా నాన్న చేను మొత్తం తినేసిందండి ఇది."

"పాపం," అంది కన్యకమ్మ. ఎవరిని అన్నదో ఆమె చెప్పలేదు.

ఈ సంగతి పేటలో నాగభూషణానికి తెలిసింది. ఆ పురుగు ఏమిటో అతనికి బాగా తెలుసు. "అది మన కందికాయ తొలిచే పురుగు పిన్నీ. మన సరుకు తినేది."

"తిన్నదిలే. చావలేదుగా."

నాగభూషణం తువ్వాలు తీసి పరుపు మళ్ళీ దులిపాడు.

మార్చి చివర్లో యూనివర్సిటీ నుంచి కమిటీ వచ్చింది. ముగ్గురు. ముగ్గురూ బూట్లు వేసుకొచ్చారు. సొలొమోను గారు వాళ్ళని వరండాలోకి తీసుకొచ్చి, వేలు చూపించారు. చెప్పులు గుమ్మం నుంచి కుండీల దాకా ఉన్నాయి. కమిటీ వాటిని చూస్తూ నిలబడింది. లోపలికి తొంగి చూసింది. స్వెట్టర్లు వేసుకున్న స్త్రీలు తెర చుట్టూ మూగి ఉన్నారు. ఎవరూ తల తిప్పలేదు. పురుగు మీద మూడో మందు కొడుతున్నారప్పుడు.

కుటుంబరావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాళ్ళు చల్లగా ఉన్నాయి. పరుపు దులిపే చప్పుడు ఇక్కడికి కూడా వినబడుతున్నట్టు ఉంది.

కమిటీలో పెద్దాయన గుమ్మంలోంచే అడిగారు. "ఏ సెక్షనమ్మా మీరు?"

"పురుగులండి," అంది కన్యకమ్మ, తెర మీద నుంచి కళ్ళు తియ్యకుండా.

"ఎక్కడి నుంచి వస్తున్నారు?"

"పేట నుంచి. తొమ్మిదింటి బస్సు."

"రోజూనా?"

"మైల రోజులు తప్ప."

పెద్దాయన పక్కాయన వైపు చూశారు. "ఈ వయసులో," అన్నారు. పక్కాయన రాసుకున్నారు.

ఆ మాట విని నిఖిత స్టూలు మీద నుంచి లేచింది. చాలా రోజులుగా లోపల ఉన్నదేదో ఆమె నోటి దాకా వచ్చింది. కుటుంబరావు కళ్ళు మూసుకున్నాడు.

"సార్, నేను ఇక్కడ స్టూడెంటుని. ఒక్క పేపరు చదవడానికి నాకు నెల పట్టింది. ఎప్పుడొచ్చినా జనమే. నిలబడ్డానికి చోటు లేదు. ఇలా అయితే మేం ఎలా చదవాలి?"

కమిటీ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్ని సెంటర్లు తిరిగారు. ఒక్కచోట కూడా ఇలాంటి ఫిర్యాదు వినలేదు. పెద్దాయన జేబులోంచి పెన్ను తీశారు.

"ఇది మేం ఊహించలేదమ్మా. తప్పకుండా ఏదో ఒకటి చేస్తాం."

వెళ్ళేటప్పుడు కుటుంబరావు చెయ్యి పట్టుకుని ఊపారు. సొలొమోను గారు భుజం తట్టారు. ఆ సాయంత్రం బస్సులో కన్యకమ్మ అతనికి కిటికీ పక్క సీటు ఇచ్చింది. ఇంట్లో అతను నెయ్యి ఎక్కువ వేసుకుని తిన్నాడు. నాగభూషణం పరుపు దులపకుండా పడుకున్నాడు.

నిర్ణయం మేలో వచ్చింది. సొలొమోను గారు గుమ్మంలో నిలబడి చదివి వినిపించారు. నందిగామలో పాఠకుల రద్దీ అసాధారణంగా ఉంది. ఇంత గిరాకీని ఒక గది, ఒక కంప్యూటరు తట్టుకోలేవు. విద్యార్థులు ఇబ్బంది పడుతున్నారు. కాబట్టి ఇక నుంచి సెంటరులోని విద్యార్థులకూ, సిబ్బందికీ తలా ఒక పాస్‌వర్డు ఇస్తారు. ఎక్కడి నుంచైనా, ఏ నెట్ సెంటరు నుంచైనా చదువుకోవచ్చు. గది అక్కర లేదు.

ఆయన కాగితం మడిచారు. "నీ వల్లే వచ్చిందయ్యా ఇదంతా."

"అవునండి," అన్నాడు కుటుంబరావు.

జూన్ మొదట్లో వచ్చి కంప్యూటరు పట్టుకుపోయారు. ఏసీ విప్పిన చోట గోడకు కంత పడింది. దాని మీద అట్ట కొట్టారు. కుటుంబరావు ఉద్యోగం ఆ ఏడు పొడిగించలేదు. బీరువాల తాళంచెవులు పున్నమ్మకు ఇచ్చాడు. ఆమె చీర కొంగుకు ముడి వేసుకుంది.

"మళ్ళీ వస్తారా బాబూ?"

"ఎవరైనా పుస్తకం అడిగితే చెప్పు, వస్తా."

పున్నమ్మ నవ్వకుండా ఉండటానికి బయటికి చూసింది.

కుటుంబరావు పేట వచ్చి పరుపు మీద కూర్చున్నాడు. పిన్ని చెప్పినట్టు మెత్తగానే ఉంది. నాగభూషణం సంతోషం బయటికి కనబడనివ్వలేదు. తమ్ముడికి త్రాసు వైపు కాకుండా రోడ్డు వైపు మొహం ఉండేలా చోటిచ్చాడు. అది మర్యాద. జులై మొదట్లో ఆషాఢం వచ్చింది. కన్యకమ్మ వాళ్ళు కొట్టు ముందు నిలబడ్డారు గాని, పాత పట్టు లేదు. పప్పులో పురుగు కనబడితే దాన్ని మెల్లగా వేలి మీదకు ఎక్కించుకుని పక్కన వదిలేవారు. అది చూసి ఆగబోయిన మనిషి ఆగకుండా వెళ్ళేవాడు.

పాస్‌వర్డులు అందరికీ అందాయి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో ఒక చుక్క. నందిగామ నెట్ సెంటర్లలో లెక్చరర్లు వాటిని కొట్టారు. తెరుచుకోలేదు. ఎవరిని అడగాలో ఎవరికీ తెలియలేదు. గది లేదు. గదికి ఇన్‌చార్జి లేడు. నిఖిత ఇన్‌చార్జి ఊరు గుర్తుపెట్టుకుంది. పప్పుల కొట్టని గుర్తుపెట్టుకుంది. డైరెక్టరీలో నెంబరు చూసి ఫోను చేసింది.

ఫోను నాగభూషణం ఎత్తాడు. విన్నాడు. రిసీవరు చేత్తో మూసి తమ్ముడితో అన్నాడు.

"ఎవరో అమ్మాయి. తెరుచుకోవట్లేదంటుంది. ఏం తెరుచుకోవట్లేదురా?"

కుటుంబరావు తీసుకున్నాడు. నెమ్మదిగా చెప్పాడు. చుక్క తర్వాత ఖాళీ వదలకూడదు. అవతల తెరుచుకుంది. పురుగు మీద కొత్త పేపరు వచ్చిందని చెప్పింది నిఖిత. చచ్చిందా అని అడిగాడు. లేదండి, అంది. పిన్నికి చెప్తానన్నాడు.

ఆ అమ్మాయి ఇంకొకరికి చెప్పింది. వారం తిరిగేసరికి లెక్చరర్లు ఫోను చేశారు. సొలొమోను గారు కూడా చేశారు. బూట్లు విప్పకుండా ఎక్కడి నుంచైనా చదవవచ్చని ఆయన మొదటిసారి తెలుసుకున్నారు. తనకు వాలుగ చేప మొప్పలు కావాలన్నారు. వర్షాకాలం సెమిస్టరు మొదలయ్యాక ఫోను ఆగింది లేదు. సెంటరులో ఉన్నన్నాళ్ళు ఇంతమంది కుటుంబరావుని ఏదీ అడగలేదు.

నాగభూషణం ఫోను తీయించేద్దామా అనుకున్నాడు. కానీ చిల్లకల్లు నుంచీ, వత్సవాయి నుంచీ ఊళ్ళ కొట్లవాళ్ళు సరుకు చెప్పేది ఆ ఫోనులోనే. తీయించలేడు. మోగినప్పుడల్లా ఎత్తక తప్పదు. కొన్నాళ్ళు విసుక్కున్నాడు. తర్వాత విసుగు కూడా పనిలో కలిసిపోయింది.

"హలో. పప్పుల కొట్టే అండి. కందా, పేపరా? కందయితే నాతో చెప్పండి." కాసేపు విన్నాడు. "అయితే ఉండండి. తమ్ముడికి ఇస్తున్నా."

కుటుంబరావు చేతికంటిన పప్పు పొడి పంచెకు తుడుచుకుని రిసీవరు అందుకున్నాడు.

"చెప్పండి సార్. ముందు మచ్చు కనబడుతుందా?"